ఆర్తనాదమునకు అనుజ్ఞాపత్రమా?

పరప్రభుత్వము ఈ దేశమున ఉప్పుపై పన్ను వేసినది. పల్నాటి అడవులలో పశువులు మేయు గడ్డిపై పుల్లరి వేసినది. కాని నీట మునుగుచున్నవాడు వేయు కేకపై సుంకము విధించిన ప్రభుత్వమును మేము చరిత్రలో ఎరుగము. కేక భగవద్దత్తమైన హక్కు. వినిన వారు పరుగెత్తుట మానవధర్మము. ఇందు శాసనమునకు పనిలేదు.

కాలము మారినది. నేడు మనుష్యుడు తన గొంతు చేరని చోట్లకు పోవుచున్నాడు. హిమవత్పర్వతముల మంచులోనికిని, నల్లమల లోయలలోనికిని, తీరమునుండి వంద మైళ్ల దూరపు సముద్రములోనికిని పోవుచున్నాడు. అచ్చట వేసిన కేక మనుష్యుల చెవిని బడవలయునన్నచో ఆకాశముననున్న ఉపగ్రహము మీదుగా రావలయును. అరచేతిలో ఇముడు చిన్న యంత్రము ఆ పని చేయును. ఇట్టి కేకకు మాత్రము మన దేశమున అనుజ్ఞాపత్రము కావలయునట! అది లేనివాడు దోషియట!

2024 డిసెంబరులో గోవా విమానాశ్రయమున ఒక విదేశీ వనితను అధికారులు నిలిపివేసిరి. ఆమె వద్ద ఆయుధములు లేవు, మత్తుపదార్థములు లేవు. కొండలలో తిరుగువారు ఆపద వచ్చినప్పుడు ఉపగ్రహము ద్వారా సందేశము పంపుకొను చిన్న పరికరము ఒక్కటి ఉన్నది. ఆమె దానిని దాచలేదు. తనిఖీ పళ్లెములో తానే ఉంచినది. ఆ నిజాయితీకి ఫలము పోలీసు కేసు! ఆమె పరదేశస్థురాలు గనుక ఆ వార్త లోకమునకు తెలిసినది. మన యువకుడే అట్టి పరికరముతో పట్టుబడినచో వార్తయైనను రాదు.

శాసనములను చదువుట మా వృత్తి గనుక, ఈ నిషేధపు వంశవృక్షమును చదువరుల ముందుంచుచున్నాము. దీని పితామహుడు 1885వ సంవత్సరపు తంతి శాసనము. ఈ దేశమున తంతివార్తలు పంపు సర్వహక్కును ప్రభుత్వమునకే చెందునని అది చాటినది. దీని తండ్రి 1933వ సంవత్సరపు వైర్‌లెస్సు శాసనము. అనుజ్ఞ లేక వైర్‌లెస్సు యంత్రమును కలిగియుండుటయే నేరమని అది విధించినది. తంతిలేని వార్తావిద్యకు ప్రపంచమున మొదట బాటలు వేసినవారిలో మన జగదీశచంద్ర బోసు ఒకడు. 1895లో కలకత్తానగరమున ఆయన కంటికి కనబడని తరంగములతో దూరమున గంట మ్రోగించి చూపెను. ఆ విద్య పుట్టిన దేశమున ఆ యంత్రమును ముట్టుకొనుట నేరమయ్యెను!

ఎందుకు? పరపాలకులకు భయము. ప్రజలు ఒకరితో నొకరు మాటలాడుకొనుట వారికి భయము. ఆ భయము అకారణమనియు మేము చెప్పము. 1942 ఆగస్టు 27న బొంబాయిలో ఉషా మెహతాయును ఆమె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియో నడుపసాగిరి. నవంబరులో పట్టుబడిరి. ఆ యువతి నాలుగేండ్ల కారాగారశిక్ష అనుభవింపవలసి వచ్చెను. పరాయి ప్రభుత్వము తన శాసనమును ఏ పనికై చేసినదో ఆ పనికే వాడుకొన్నది. అందు వింత లేదు.

వింత యేమనగా, స్వరాజ్యము వచ్చిన రెండేండ్లకే, 1949లో, మన ప్రభుత్వము ఆ శాసనమును సవరించి, అనుజ్ఞలేని ప్రసారయంత్రము కలవారికి మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చునని శిక్షను పెంచినది. దొరలు మొదటి తప్పునకు నూరు రూపాయల జుల్మానాతో సరిపెట్టిరి. మనవారు కారాగారమును చేర్చిరి. ఆ రెండు శాసనముల స్థానమున నిలుచుటకై 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ శాసనము చేయబడినది. దానిలోని కొన్ని ప్రకరణములు 2024 జూన్ 26 నుండి అమలునకు వచ్చినవి. ఆ శాసనపు మూడవ ప్రకరణములో ఒక మాట ఉన్నది. ప్రజాహితమునకు అవసరమని తోచినచో అనుజ్ఞ అక్కరలేదని మినహాయింపు ఇచ్చు అధికారము కేంద్రప్రభుత్వమునకు గలదని అందు వ్రాయబడినది. చదువరులు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలయును. మా వాదమంతయు దీనికొరకే.

ప్రతిపక్షుల వాదమును మేము దాచము. వారు 2008 నవంబరు 26ను చూపుదురు. ఆ రాత్రి సముద్రముమీదుగా బొంబాయికి వచ్చిన హంతకులు ఉపగ్రహ టెలిఫోనును వాడిరి. వారు విడిచిపోయిన పడవలో అది దొరికినది. అది నిజము. దేశరక్షణ అవసరము. సరిహద్దులలో ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో ప్రభుత్వమునకు తెలియవలయుననుట న్యాయమే. దీనిని కాదనువాడు దేశహితైషి కాడు.

అయితే మాటకును కేకకును భేదము లేదా? ఉపగ్రహ టెలిఫోను మాటలాడు యంత్రము. దానితో కుట్ర పన్నవచ్చును. దానిపై అదుపు ఉంచుడు, వలదనము. ఆపత్సంకేత యంత్రము మాటలాడదు. మీట నొక్కినప్పుడు తన గుర్తుసంఖ్యను, తానున్న చోటును మాత్రమే పంపును. ఎవరికి పంపును? సాక్షాత్తు ప్రభుత్వపు రక్షణకేంద్రమునకే పంపును! కుట్రదారుడు తాను దాగిన స్థలమును ప్రభుత్వమునకు తానే ఎరిగించునా? దొంగ తన ఇంటి తలుపునకు తానే గంట కట్టుకొని పోలీసు ఠాణాకు త్రాడు లాగునా? మొదట వచ్చిన శాసనము ఈ రెంటిని వేరుచేయలేదు, ఏలయనగా 1933లో ఇట్టి యంత్రము లేదు. తరువాతివారు వేరుచేయకపోవుటకు కారణమేమి? సోమరితనమని మా అభిప్రాయము.

ఈ యంత్రముల వెనుకనున్న ఏర్పాటును గూర్చి కొంత చెప్పుదుము. అమెరికా, సోవియట్ రష్యా, కెనడా, ఫ్రాన్సు దేశములు, తమలో రెండు పరస్పరము అణ్వస్త్రములు గురిపెట్టుకొనియున్న దినములలో, ఆపన్నుల రక్షణకై చేతులు కలిపి కాస్పాస్-సార్సాట్ అను ఉపగ్రహవ్యవస్థను నెలకొల్పినవి. 1982 సెప్టెంబరులో కెనడా కొండలలో కూలిన చిన్న విమానములోని ముగ్గురు దాని వలన మొట్టమొదట రక్షింపబడిరి. సోవియట్ ఉపగ్రహము ఆ కేకను వినినది! శత్రువులు సైతము కేకను మాటనుండి వేరుచేసి, దానికి సరిహద్దులు లేవని అంగీకరించిరి. భారతదేశమును ఆ వ్యవస్థలో చేరియున్నది. బెంగుళూరునందు ఇస్రోవారి కేంద్రము మన ప్రాంతపు సంకేతములను వినుచున్నది. 406 మెగాహెర్జుల తరంగముపై వచ్చు ప్రతి సంకేతమునకును ఒక గుర్తుసంఖ్య ఉండును. దాని ననుసరించి యజమానియెవరో తెలియును. ఇంతకంటె బహిరంగమైన యంత్రమును ఎవరు కోరగలరు?

మా వాదమునకు అత్యంతబలమైన సాక్షి ప్రభుత్వమే. సముద్రముపై మన ప్రభుత్వము ఈ సిద్ధాంతమును ఇదివరకే అంగీకరించినది. ఇస్రోవారు తీరరక్షకదళముతో కలిసి బెస్తలకొరకు ఒక ఆపత్సంకేత యంత్రమును నిర్మించి 2010 నుండి వాడుకలోనికి తెచ్చిరి. పడవ మునుగుచున్నది, అగ్ని పుట్టినది, వైద్యుడు కావలయును అని ఒక్కొక్క మీటతో తెలుపవచ్చును. ఇరువదివేలకు మించిన పడవలు దానిని వాడినవి. దానికొక లోపముండెను. కేక వేసినవానికి అది చేరినదో లేదో తెలియదు. నడిసముద్రమున, చీకటిలో, మీట నొక్కి ఏమియు తెలియక కూర్చుండుట ఎట్టి నరకమో ఊహింపుడు. 2024లో వచ్చిన రెండవ తరపు యంత్రము ఆ లోపమును తీర్చినది. సందేశము అందినదని తిరుగుజవాబు వచ్చును. సెల్‌ఫోనుతో జతపరచినచో స్వభాషలో సందేశములు చదువుకొనవచ్చును.

ఇది ఊరక రాలేదు. 2017 నవంబరు 30న ఓఖీ తుపాను కేరళ, తమిళదేశ తీరములను పట్టినప్పుడు బెస్తలు అప్పటికే దూరసముద్రమున నుండిరి. హెచ్చరిక తీరమునకు చేరినది గాని వారికి చేరలేదు. వందలకొలది కుటుంబములు దిక్కులేనివైనవి. ఆ కన్నీటి తరువాతనే ప్రభుత్వము కదిలినది. లక్ష చేపలపడవలకు ఉచితముగా వార్తాయంత్రములు అమర్చుటకై 364 కోట్ల రూపాయలతో ఒక పథకమును 2024 ఆగస్టు 30న ప్రారంభించినది. మేము దీనిని మనసార శ్లాఘించుచున్నాము. ఇచ్ఛాపురమునుండి తడవరకు గల మన తీరమున పడవ కలిగిన ప్రతి బెస్తయు ఆ యంత్రమును అడిగి పుచ్చుకొనవలయును. 1977 నవంబరు 19 నాటి దివిసీమను ఎరిగిన జాతికి ఈ మాట రెండుమారులు చెప్పనక్కరలేదు.

సముద్రముపై ధర్మమైనది కొండపై అధర్మమగునా? బెస్తచేతిలో ఆభరణమైన యంత్రము అడవి కావలివాని చేతిలో నేరమగునా?

2013 జూన్ మాసమున కేదారనాథమున జలప్రళయము వచ్చినప్పుడు అయిదువేలకు మించిన జనులు మృతిచెందిరి. చిక్కుకొన్న యాత్రికులలో మన తెలుగువారును అనేకులుండిరి. సెల్‌ఫోను స్తంభములు పనిచేయక, బ్రతికియున్నవారును తాము బ్రతికియున్నామని ఇంటికి తెలుపలేకపోయిరి. 2024 జూన్ మాసమున ఉత్తరకాశీ జిల్లాలోని సహస్రతాల్ మార్గమున 22 మంది బృందము మంచుతుపానులో చిక్కుకొన్నది. తొమ్మండుగురు మరణించిరి. తక్కినవారిని చేర్చుటకు వైమానికదళపు హెలికాప్టరులు రావలసివచ్చెను. అట్టి చోట్ల సెల్‌ఫోను పలుకదు. పలుకుచోటికి ఎవడో నడిచి దిగవలయును. మంచులో మనిషి ప్రాణము గంటలలో పోవును. నడిచి దిగుటకును గంటలే పట్టును. ఈ రెంటి పందెములో మృత్యువు గెలుచుచున్నది.

మన యింటి సంగతియే చూతము. 2009 సెప్టెంబరు 2న ఉదయము ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు ప్రయాణించుచున్న హెలికాప్టరు నల్లమలపై అదృశ్యమయ్యెను. రాష్ట్రమంతయు నిద్రలేక గడిపెను. మరునాటి ఉదయమునగాని దాని శిథిలములు కనబడలేదు. అందున్న అయిదుగురిని ఏ యంత్రమును బ్రతికించియుండదు కాబోలు. కాని ఒక రాష్ట్రపు ముఖ్యమంత్రి ఎచ్చటనున్నారో తెలియుటకే ఒక పగలు, ఒక రాత్రి పట్టిన అడవిలో, పులులజాడ తీయుచు కాలినడకను తిరుగు కావలివాడు కాలు విరిగి పడినచో వానిని వెదకునదెవరు? తేనెకై కొండచరియలకు త్రాళ్లు కట్టి దిగు చెంచును వెదకునదెవరు? డోలీలో గర్భిణిని మోసికొనుచు దిగు మన్యపు గిరిజనుల కేక వినునదెవరు?

మా వాదము విహారయాత్రికుల సౌఖ్యమునకని కొందరు తలపవచ్చును. అట్లు కాదు. వినోదమునకు కొండనెక్కువాడు ఇంట నుండిపోగలడు. అడవిలో బ్రతుకుతెరువు కలవాడు ఉండిపోలేడు. కాబట్టి మొదటి హక్కు వానిది, రెండవది మార్గదర్శకులది, తరువాతనే విహారులది. కాని ప్రాణము అందరిదియు ఒక్కటే.

ఇంతవరకు ప్రభుత్వమును నిందించితిమి. ఇక మన పట్టణవాసులను గూర్చి రెండు మాటలు. నగరములనుండి హిమాలయములకు పోవు యువకులు వేలు పోసి పాదరక్షలు కొందురు, చలికోట్లు కొందురు, ఛాయాచిత్రములకై కెమెరాలు కొందురు. ఆపదలో వార్త ఎట్లు పంపుదురని అడిగినచో జేబులోని సెల్‌ఫోను చూపుదురు! స్తంభములేని చోట అది గడియారము, దీపము. అంతకుమించి యేమియు కాదు. 112 సంఖ్య ఏ కంపెనీ స్తంభముద్వారానైనను పలుకునన్నది నిజమే. ఏ స్తంభమును లేనిచోట అదియు మూగయే. బృందములను కొనిపోవు వ్యాపారులను, రుసుము చెల్లించుటకు ముందు, ఈ క్రింది ప్రశ్నలు అడుగవలయునని మా సలహా.

మొదటిది: మీ కేక ఎవరు వినుదురు? 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మునుగుచు వైర్‌లెస్సుపై కేకలు వేసినది. సమీపముననున్న కాలిఫోర్నియన్ ఓడలోని వైర్‌లెస్సు ఉద్యోగి యంత్రమును ఆపి నిద్రించుచుండెను. దూరముననున్న కార్పేథియా విని పరుగెత్తివచ్చి ఏడువందలకు మించిన ప్రాణములను కాపాడినది. యంత్రమెంత మంచిదైనను అవతల రేయింబవళ్లు మేలుకొని వినువాడు లేనిచో అది బొమ్మ. కొన్ని పరికరముల సంకేతము ప్రభుత్వపు రక్షణకేంద్రమునకు పోవును. కొన్నిటిది చందా పుచ్చుకొను ఖండాంతరపు కంపెనీకి పోవును. చందా తీరిన దినమున అది మూగబోవును.

రెండవది: జవాబు వచ్చునా? కేక మాత్రమే వేయునది చౌక, దృఢము. జవాబు తెచ్చునది ఖరీదు గలది. రెంటిలో రెండవదే మేలు. కాలు విరిగినదా, గుండె ఆగుచున్నదా అని తెలిసినగాని రక్షకులు వైద్యుని తేవలయునో మంచము తేవలయునో నిర్ణయింపజాలరు.

మూడవది: శక్తి ఎంతకాలముండును? స్వచ్ఛమైన ఆపత్సంకేత యంత్రము ఏండ్ల తరబడి మూటలో నిద్రించి, మీట నొక్కిన తరువాత కనీసము 24 గంటలు కేకవేయునట్లు నిర్మింపబడును. సెల్‌ఫోనుతో జతపరచి వాడునది ఫోను బ్యాటరీ చలికి చచ్చిన వెంటనే సగము పనికిరానిదగును. యంత్రముపై ముద్రించిన గడువు తేదీని చూడకుండ కొనరాదు.

నాలుగవది: ఆకాశము కనబడునా? ఉపగ్రహపు కేక చెట్ల గుబురులో తడబడును. ఇరుకులోయలో కొండలు అడ్డగించును. భూమితోపాటు తిరుగుచు దక్షిణాకాశమున నిలిచియుండు ఉపగ్రహమును నమ్మిన యంత్రమునకు దక్షిణపు గుట్ట శత్రువు. బాగుగా ఆకాశము కనబడు తావునకు చేరి మీట నొక్కవలయునని ప్రతి బాలునకును నేర్పవలయును.

ఐదవది: ఏ యంత్రమును లేనప్పుడు? ఈల ఒకటి, చిన్న అద్దము ఒకటి. నిమిషమునకు ఆరుమార్లు ఊదుట, ఒక నిమిషము ఆగుట, మరల ఊదుట — ఇది ఆల్ప్సు పర్వతములలో పందొమ్మిదవ శతాబ్దమునుండి వచ్చుచున్న ఆపత్సంకేతము. వినినవారు నిమిషమునకు మూడుమార్లు జవాబిత్తురు. పది రూపాయల ఈలకు ఏ శాసనమును అడ్డురాదు. బయలుదేరుటకు ముందు ఏ దారిని పోవుదురో, ఏ తేదీకి రాకున్న వెదకింపవలయునో కాగితముపై వ్రాసి ఇంట నిచ్చిపోవుట అన్నిటికంటె చౌకయైన రక్షణ. దానిని చేయువారు నూటికెందరు?

ఆరవది: శాసనము ఒప్పునా? మేము ఎంత నిందించినను, శాసనము మారువరకు అది శాసనమే. పరదేశమునుండి బంధువులు పంపిన ఉపగ్రహయంత్రమును అనుజ్ఞలేక వెంట తీసికొనిపోవలదని మా చదువరులను హెచ్చరించుచున్నాము. అమెరికాలోను ఇతర దేశములలోను నివసించు మన తెలుగు సోదరులు సెలవులకు వచ్చునప్పుడు మరీ జాగ్రత్తపడవలయును. అచ్చట అంగడిలో దొరకు వస్తువు ఇచ్చట ఠాణాకు దారితీయును.

ఇక అధికారులు చెప్పు చివరిమాట ఒకటి గలదు. ప్రజలచేతికిచ్చినచో ఊరక మీటలు నొక్కి అధికారులను పరుగెత్తింతురనునదే అది. సంకేతములలో అధికభాగము పొరపాటున మ్రోగినవేయని ప్రపంచమంతటి అనుభవము. దానిని మేము కాదనము. కాని దాని మందు ఇదివరకే కనుగొనబడియున్నది. యజమాని పేరు, ఇంటి టెలిఫోను నమోదైయున్నచో, హెలికాప్టరు లేచుటకు ముందే ఇంటికి పిలిచి విచారింపవచ్చును. కావాలని అల్లరిచేసినవానికి జుల్మానా వేయుడు. అబద్ధపు వ్యాజ్యములు వేయువారున్నారని న్యాయస్థానములను మూసివేసితిమా?

మేము కోరునవి నాలుగు. మాట పలుకని, గుర్తుసంఖ్య గల, నమోదైన ఆపత్సంకేత యంత్రములకు శాసనపు మూడవ ప్రకరణము క్రింద బహిరంగముగా మినహాయింపు ప్రకటింపవలయును. బెస్తలకు మన శాస్త్రజ్ఞులు చేసియిచ్చిన స్వదేశీ యంత్రమును కొండలకును అడవులకును తగునట్లు సవరించి, అటవీ కావలివారికిని, కొండజాతుల గ్రామములకును, పర్వతమార్గదర్శకులకును ఉచితముగా ఇయ్యవలయును. పర్వతమార్గములు మొదలగు చోట్ల స్వల్పపు అద్దెకు యంత్రమిచ్చి, దిగివచ్చినప్పుడు తిరిగి పుచ్చుకొను ఏర్పాటు చేయవలయును. రుసుము పుచ్చుకొని జనులను కొండలకు కొనిపోవు ఏ వ్యాపారికిని, బృందమునకొక యంత్రము లేక అనుమతి ఇయ్యరాదు.

ఇందు ఒక్కటియు అసాధ్యము కాదు. ఉపగ్రహము మనది, వినుకేంద్రము మనది, యంత్రము చేసిన చేతులు మనవి. శాసనమున తలుపు తీయుటకు తాళపుచెవియు ఉన్నది. తీయవలయునను సంకల్పము మాత్రము కొరవడినది. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులారా! మీ శాసనసభ్యునికి, మీ పార్లమెంటు సభ్యునికి ఈ నాలుగు కోరికలను వ్రాసి పంపుడు. మీ పురపాలక సంఘమున తీర్మానము చేయింపుడు. ప్రజలు మాటలాడుటకు భయపడిన పరపాలకుల శాసనమును, ప్రజల కేక వినవలసిన స్వరాజ్యము మోయుచుండుట మనకందరకును సిగ్గు. వచ్చు శీతకాలమున మరియొక బృందము మంచులో చిక్కుకొనకమునుపే, వచ్చు వానకారున మరియొక కావలివాడు లోయలో పడకమునుపే, ఆర్తనాదమునకు సంకెళ్లు విప్పవలయును.